ఒంటిదెబ్బ విందు

మా సంగాలవంకలో నలభై రెండు గొర్రెలకు ప్రభుత్వ కొలువు ఉండేదని చెబితే ఈ కాలం వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ముప్పై మూడేళ్లు తలారిగా అధికారుల వెనకాల గొడుగు పట్టుకుని నడిచినవాణ్ణి. అబద్ధమే చెప్పాలనుకుంటే నాకు ఇంతకన్నా నమ్మదగింది దొరకకపోదు.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పరిశ్రమలు పెట్టే పెద్దమనుషులు ఏ జిల్లాకు పోయినా మొదట నీళ్లున్నాయా అని అడగరట, కరెంటు ఉందా అని అడగరట, గోల్ఫు ఉందా అని అడుగుతారట. కాబట్టి గోల్ఫు లేని జిల్లా వెనకబడిన జిల్లా. వెనకబడడానికి ఎన్ని దారులున్నాయో అన్ని దార్లలోనూ మా జిల్లా అప్పటికే వెనకబడి ఉండింది. ఈ ఒక్క దారిలోనైనా ముందుకు తోద్దామని జిల్లా గోల్ఫు అభివృద్ధి సంస్థ అని ఒకటి పుట్టించి, దానికి వైకుంఠరావు గారనే స్పెషలాఫీసర్ని వేశారు.

వైకుంఠరావు గారు గోదావరి వైపు మనిషి. చాలా మంచివాడు. తన జన్మలో రూలు తప్పింది ఒకే ఒక్కసారని, అది నెలలు నిండకుండా పది రోజులు ముందు పుట్టడమని చెప్పి బాధపడేవాడు. ఆదివారం ఒక నాటుకోడి తప్ప ఆయనకు వేరే వ్యసనం లేదు. ఆ కోడిని వెతికి తెచ్చే పని నాది. అందుకని ఆఫీసు సంగతులన్నీ నాకు కోడితో పాటే తెలిసేవి.

గోల్ఫుకు జాగా కావాలి. మా గుట్ట కింద నూటయాభై ఎకరాల బీడు ఉంది. పంట పండదు, ఇల్లు కట్టరు, దెయ్యాలు కూడా నీడ లేదని వెళ్లిపోయిన చోటు. దాని మీద ఆధారపడ్డ మనిషి ఒక్కడే, గొర్రెల బీరలింగప్ప. వాళ్ల తాత కాలం నుంచీ మంద అక్కడే మేసేది. నలభై రెండు గొర్రెలు, ఒక కర్ర, మాళక్క అనే భార్య, ఇంతే అతని సంసారం. కూతురికి పెళ్లి చేసి పంపేశాడు.

బీరలింగప్ప చేతి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. గొర్రె దారి తప్పితే మిగతా కాపరులు అరుస్తారు, పరుగెత్తుతారు. ఇతడు కూర్చున్నచోటి నుంచి లేవడు. కాలి ముందున్న గులకరాయిని కర్ర వంపుతో ఒక్కటి తగిలిస్తాడు. ఆ రాయి పోయి గొర్రె ముక్కుకు జానెడు ముందర పడుతుంది. ముక్కుకు తగలదు. జానెడంటే జానెడే. గొర్రె తల తిప్పుకుని మందలోకి వచ్చేస్తుంది. ఒకసారి కోడిపిల్లను ఎత్తుకుపోతున్న గద్ద ముక్కు ముందర కూడా అలాగే రాయి పడేట్టు కొట్టాడని, గద్ద వెనక్కి తిరిగొచ్చి పిల్లను తీసినచోటే దించి పోయిందని అంటారు. గద్దను నేను చూడలేదు. కోడిపిల్లను చూశాను.

సర్వేవాళ్లు వచ్చి బీడులో ఎర్రజెండాలు పాతారు. గొర్రెల్ని లోపలికి తోలరాదని బోర్డు పెట్టారు. బీరలింగప్ప నన్ను వెంటబెట్టుకుని అర్జీతో ఆఫీసుకు పోయాడు. వైకుంఠరావు గారు అర్జీ రెండుసార్లు చదివి, విషయం సంస్థవారి పరిశీలనలో ఉందన్నారు.

"పరిశీలన అయ్యేదాకా అవి ఏం తినల్ల సారూ?" అన్నాడు బీరలింగప్ప.

ఆయన చాలాసేపు ఆలోచించి, ఆ విషయం కూడా పరిశీలనలో చేర్చుకున్నారు.

ఇంతలో ఒక చిక్కు వచ్చిపడింది. జాగా ఉంది, బోర్డు ఉంది, కానీ గోల్ఫు ఎలా ఉంటుందో జిల్లాలో ఎవరూ చూడలేదు. చూసి రమ్మని ముగ్గురు అధికారులను మూడు దేశాలకు పంపారు. నెల తరవాత ముగ్గురూ తిరిగొచ్చారు. బీడులో షామియానా వేసి మీటింగు పెట్టారు. నీళ్ల గ్లాసులు అందిస్తూ నేను మూడు దేశాలూ విన్నాను.

స్కాట్లండు పోయొచ్చినాయన జలుబుతో మాట్లాడాడు. అక్కడ గోల్ఫు అందరి ఆటట. జడ్జీ, తపాలా బంట్రోతూ, చేపలమ్మేవాడూ ఒకే వరసలో నిలబడి ఆడతారట. అందరూ నడుస్తారు. బండెక్కినవాణ్ణి చూస్తే ఒంట్లో ఎలా ఉందని పరామర్శిస్తారు. గాలి కొట్టినా వాన పడినా ఆట ఆపరు. ఎండ కాస్తే మాత్రం, ఇదేం ఆటరా అని దిగులుపడతారు. గొర్రెలు మైదానం మీదే మేస్తాయి. బంతులు పోయి పడే ఇసుక గుంతలు కూడా చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకుని చేసినవేనట. అసలీ ఆటను కనిపెట్టిందే గొర్రెల కాపరులనీ, కర్రతో గులకరాళ్లను కుందేలు బొరియల్లోకి కొట్టేవాళ్లనీ అక్కడి ముసలివాళ్లు చెబుతారట. ఈ మాట వచ్చినప్పుడు షామియానా గుంజకు ఆనుకుని వింటున్న బీరలింగప్ప తన కర్ర వైపు ఒకసారి చూసుకున్నాడు.

అమెరికా పోయొచ్చినాయన బాగా ఒళ్లు చేసి వచ్చాడు. అక్కడ ఎవరూ నడవరట. బ్యాటరీ బండిలో కూర్చుని బంతి దగ్గరికి పోతారు, కొడతారు, మళ్లీ ఎక్కుతారు. వెనకాల చల్లటి పానీయాల బండి వస్తుంది. అన్నిటికన్నా ఆయనకు నచ్చింది ఒక మర్యాద. మొదటి దెబ్బ బాగా తగలకపోతే స్నేహితులంతా దాన్ని చూడనట్టు ఆకాశం వైపు చూస్తారట. మళ్లీ కొడితే అదే మొదటిదాని కింద లెక్కకు వస్తుందట. మనుషుల మీద అంత దయగల ఆట ఇంకొకటి లేదని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

జపాను పోయొచ్చినాయన ప్రతి మాటకూ వంగి దణ్ణం పెట్టడం నేర్చుకుని వచ్చాడు. అక్కడ సగం ఆట ఆడి, కూర్చుని నిండుగా భోంచేసి, తక్కిన సగం ఆడి, తరవాత అందరూ కలిసి వేణ్ణీళ్ల తొట్టిలో దిగుతారట. ఇక ఒకే ఒక్క దెబ్బతో బంతి గుంతలో పడిందంటే, వాడి అదృష్టానికి వాడే జరిమానా కట్టుకోవాలి. స్నేహితులందరికీ విందు, తలా ఒక కానుక, గుర్తుగా ఒక చెట్టు. దానికి భయపడి చాలామంది అదృష్టం పట్టకుండా ముందుగానే బీమా చేయించుకుంటారట.

మూడూ విని వైకుంఠరావు గారు తల పట్టుకున్నారు. ఒక్క దేశం పద్ధతి తీసుకుంటే తక్కిన రెండు మిత్రదేశాల మనసు నొప్పించినట్టు అవుతుంది. అది జిల్లాస్థాయి అధికారి చేయదగిన పని కాదు. కనుక మూడు దేశాల పద్ధతులూ ఏకకాలంలో అమలుచేయాలని తీర్మానించి అరవై నాలుగు రూళ్లు రాశారు.

అరవై నాలుగూ నేను చెప్పను. కొన్ని చాలు. ఆటగాడు విధిగా నడవవలెను అని ఒక రూలు. ఆటగాడు విధిగా బ్యాటరీ బండియందు ప్రయాణించవలెను అని దాని కింది రూలు. దీనికి ఇంజినీర్లు రాత్రింబవళ్లు ఆలోచించి బండి అడుగు రేకు కోయించారు. అధికారి లోపల కమ్మీ పట్టుకుని హుందాగా నిలబడేవాడు, కింద కాళ్లు నడిచేవి. దూరం నుంచి చూస్తే బండికి నాలుగు చక్రాలూ, రెండు బూట్లూ.

వాన ఇంకో చిక్కు. స్కాట్లండు పద్ధతిలో వానలోనే ఆడాలి. మా జిల్లాలో మేఘం దారి తప్పితే తప్ప వాన పడదు. ఫైరింజన్ని పిలిపించి ఆటగాళ్ల వెనకాల తోలించారు. మే నెల మిట్టమధ్యాహ్నం రెయిన్ కోట్లు తొడుక్కున్న అధికారులు నడుస్తుంటే, పైన ఫైరింజను జల్లు కొడుతుంటే, ఆ వెనకాల మా ఊరి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరసగా నడిచేవాళ్లు. ఊళ్లో కొళాయి వారానికి ఒకసారి వచ్చేది. గోల్ఫు రెండుసార్లు వచ్చేది. మా వాళ్లకు ఆ ఆట మీద భక్తి కుదిరింది.

ఏడో రూలు గొర్రెలది. మైదానంపై గొర్రెలు విధిగా మేయవలెను. అప్పుడు గుర్తొచ్చింది బీరలింగప్ప అర్జీ. నలభై రెండు గొర్రెలనూ గడ్డి కత్తిరించు సిబ్బందిగా నియమించి, చెవులకు నంబర్లు కట్టి, హాజరు పట్టీ తెరిచారు. పొద్దున తొమ్మిదింటికి వైకుంఠరావు గారే వచ్చి పేరుపేరునా, అంటే నంబరు నంబరునా పిలిచేవారు. మొదట్లో కళ్లజోడు సర్దుకుని చెవి నంబరు చూసి టిక్కు పెట్టేవారు. మూడు నెలలయ్యేసరికి నంబరు చూడకుండానే, పదిహేడోది ఈరోజు నీరసంగా ఉందే అనేవారు. పదిహేడోది చూలుది. అది ఈనిన రోజున ఆయన ఆఫీసులో చక్కెర పంచారు.

"పోనీలేన్నా, మేత దొరికింది. నంబరుంటే ఏం, లేకుంటే ఏం," అన్నాడు బీరలింగప్ప నాతో. అంతకన్నా అతను కోరుకున్నది ఏమీ లేదు.

జిల్లాలోని గెజిటెడ్ అధికారులందరూ సంస్థలో సభ్యులు కావాలని ఇంకో ఉత్తర్వు వచ్చి, మొత్తం మూడువందల పన్నెండుమంది చేరారు. ఆట మొదలైన వారానికి ఎవరో ముప్పై ఒకటో రూలు చదివారు. ఒక్క దెబ్బతో బంతిని గుంతలో వేసినవారు సభ్యులందరికీ జిల్లా సంప్రదాయానుసారము మాంసముతో విందు ఇవ్వవలెను అని ఉంది అందులో. అది జపాను రూలు. మాంసము మాత్రం సభ్యుల సలహా మీద చేర్చింది. బీమా కంపెనీని అడిగితే, అగ్నిప్రమాదానికి గడి ఉంది, వరదకు ఉంది, అదృష్టానికి గడి లేదని ఫారం తిప్పి పంపారు.

ఆ రోజు నుంచి మా బీడులో జరిగిన ఆట ప్రపంచంలో ఎక్కడా జరిగి ఉండదు. జెండా ఉత్తరాన ఉంటే అందరూ దక్షిణానికి కొట్టేవాళ్లు. గుంతకు ఎవరి బంతి ఎక్కువ దూరం పోతే వాళ్లకు చప్పట్లు. ఒకరోజు పశువైద్యశాఖ పెద్దాయన దెబ్బ జారి బంతి నేరుగా జెండా వైపు దొర్లడం మొదలెట్టింది. ఆయన బండితో సహా దాని వెంట పరుగెత్తి, గుంతకు బారెడు దూరంలో బంతి మీద పడుకుని ఆపాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆకాశం వైపు చూశారు. అమెరికా మర్యాద ఆ ఒక్కరోజు సరిగా పనికొచ్చింది.

ఆరునెలలకు పైనుంచి ఉత్తరం వచ్చింది. గోల్ఫు నెలకొల్పి అర్ధసంవత్సరం గడిచినా ఒంటిదెబ్బ గుంతలు సున్నా అని నివేదికలో కనబడుతున్నది, ఇది విచారకరము, ఈ నెలాఖరులోగా కనీసం ఒక్కటి సాధించి ఫోటోతో పంపవలెను, లేనిచో సంస్థ ఎందుకు ఎత్తివేయరాదో తెలపవలెను అని. వైకుంఠరావు గారు సభ్యులందరినీ పిలిచి ఎవరైనా ముందుకు రమ్మన్నారు. మూడువందల పన్నెండుమందీ ఒక అడుగు వెనక్కి వేశారు.

అప్పుడు స్కాట్లండాయన తుమ్మి, అక్కడిలాగే గ్రామస్థుడెవడైనా ఆడవచ్చని మన నాలుగో రూలు చెబుతోంది కదా అన్నాడు. అందరూ బీరలింగప్ప వైపు తిరిగారు. అతను పొట్టేలు కాలిలో ముల్లు తీస్తున్నాడు.

ఆ క్షణాన ఎవరి మనసులోనూ చెడ్డ ఆలోచన లేదని నేను ఒట్టు పెట్టి చెప్పగలను. ముప్పై ఒకటో రూలు ఎవరికీ గుర్తు రాలేదు, తమకు కాదు కనుక. తెల్ల బంతి చేతికిచ్చి, అదిగో జెండా, దాని కింద గుంత, నూటముప్పై గజాలు, నీకు వీలైతే ఒక్క దెబ్బలో వెయ్యి అన్నారు. ఇనప కర్ర ఇవ్వబోతే అతను వద్దని తన కర్రే తీసుకున్నాడు.

"గుంతలో వెయ్యల్లనా, గుంతకు జానెడు ముందర వెయ్యల్లనా?" అని అడిగాడు.

గుంతలోనే అన్నారు. అతను బంతిని నేలమీద పెట్టి, కర్ర వంపుతో గులకరాయిని తగిలించినట్టు తగిలించాడు. అంతే. చూడను కూడా లేదు, ముల్లు తీయడానికి మళ్లీ వంగాడు. బంతి పోయి ఒకసారి నేలకు తగిలి గుంతలో పడిన చప్పుడు ఇంతదూరం వినబడింది. ఫోటోలు తీశారు. పూలమాల వేశారు. వైకుంఠరావు గారు ఆనందం పట్టలేక అతని చేతులు పట్టుకుని ఊపుతూ ఊపుతూ, ఉన్నట్టుండి ఆపేశారు.

"ముప్పై ఒకటో రూలు," అన్నారు మెల్లగా.

మెల్లగా అన్నా మూడువందల పన్నెండుమందికీ వినబడింది. అప్పటికప్పుడు భోజనాల కమిటీ ఒకటి ఏర్పడి, సభ్యులకూ వాళ్ల ఇంటివాళ్లకూ కలిపి నలభై రెండూ సరిగ్గా సరిపోతాయని తేల్చింది. ఒకాయన మాత్రం, గొర్రెలు సంస్థ సిబ్బంది కదా, వాటిని కోయవచ్చునా అని సందేహపడ్డాడు. సిబ్బందిని విందు నిమిత్తం డిప్యుటేషన్ మీద పంపవచ్చునని కమిటీ జవాబిచ్చింది.

బిందె పక్కన పెట్టి మాళక్క ముందుకొచ్చింది. "డిప్యుటేషన్ మీద పోయినోళ్లు తిరిగొస్తారా సారూ?" అంది.

"నిబంధనల ప్రకారం తిరిగి రావలసిందేనమ్మా," అన్నారు వైకుంఠరావు గారు. అని, ఆ మాట తన చెవిన తానే విని, మందవైపు చూడలేక కళ్లజోడు తుడుచుకున్నారు.

అమెరికా పోయొచ్చినాయనకు నిజంగానే మనసు కరిగింది. తన మర్యాద ఉంది కదా అన్నాడు. మొదటి దెబ్బ బాగా లేదని ఆటగాడు చెబితే అది లేనట్టే, మళ్లీ కొట్టి తప్పితే చాలు, విందు లేదు ఏమీ లేదు. కాకపోతే బాగా లేదని ఆటగాడే నోటితో చెప్పాలి.

"బాగుండాదే సారూ," అన్నాడు బీరలింగప్ప అర్థంకాక.

మాళక్క మోచేత్తో పొడిచింది. "బాగలేదను."

"గుంతలో పడింది గదే."

"గుంతలో పడిందానికే మన గొంతుమీదికొచ్చింది. బాగలేదను, మొగడా."

అతను నేలచూపులు చూస్తూ, బాగలేదు అన్నాడు. నలభై ఏళ్లలో అతని నోట అబద్ధం నేను విన్నది అప్పుడే. కొడుకును కాదన్నవాడిలా అయిపోయాడు.

రెండో బంతి పెట్టారు. మాళక్క పక్కకు వచ్చి, తుమ్మచెట్ల వైపు కొట్టు, జెండావైపు చూడనే వద్దు అని చెప్పింది. నేనూ చెప్పాను. అతను తలూపాడు. జెండాకు వీపు చూపించి నిలబడ్డాడు. కర్ర ఎడమచేత్తో పట్టుకున్నాడు. కళ్లు కూడా మూసుకున్నాడు. కొట్టబోయే సమయానికి తుమ్మచెట్ల వెనకనుంచి పదిహేడో నంబరు తన పిల్లతో బయటికొచ్చి, మ్యా అంది.

మూసిన కళ్లతోనే అతని మణికట్టు తిరిగింది. నలభై ఏళ్లుగా గొర్రెకు తగలకుండా కొట్టిన చెయ్యి అది, అతను చెప్పినా వినలేదు. బంతి పక్కకు మళ్లి బండరాయికి తగిలి, ఫైరింజను చక్రానికి తగిలి, వెనక్కి వచ్చి, మా తలల మీదుగా పోయి జెండా కింద పడింది. గుంతలో ఉన్న మొదటి బంతికి తగిలి టక్కుమంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కమిటీ మళ్లీ కూర్చుంది. రెండోది మొదటిదాని కిందే లెక్కకు వస్తుంది కనుక దానికొక విందు. మొదటిది బాగా లేదన్నది అబద్ధమని ఫోటోలే చెబుతున్నవి కనుక దానికొక విందు. మొత్తం రెండు. రెండో విందుకు గొర్రెలుండవు కాబట్టి, అవి పుట్టేవరకు గడువు ఇవ్వవచ్చునని సానుభూతితో సిఫారసు చేసింది. మొదటి విందు వచ్చే ఆదివారమే.

సాయంత్రం నేను వాళ్ల గుడిసె దగ్గరికి పోయాను. బీరలింగప్ప కర్రను దూరంగా పెట్టి కూర్చున్నాడు. దాని ముఖం చూడనంటున్నాడు.

"తప్పు కొట్టేది నాకు రాలేదన్నా," అన్నాడు. "అందరికీ వచ్చిన పని."

మాళక్క పొట్టేలు చేత ఉప్పురాయి నాకిస్తోంది. మా బిడ్డ పెండ్లికి గూడ నాలుగే కోసినాము అంది. "అప్పుడైనా మావోళ్లు ఊరికే తిని పోయినారా? తలా ఒక గొర్రెపిల్లను సంకనేసుకుని వచ్చి సదివించి పోయినారు. కోసింది నాలుగు, వచ్చింది తొమ్మిది. ఈ సార్లు ఏం తెస్తారు, మూతి తుడుచుకునే గుడ్డ తెస్తారు."

నేను లేచి నిలబడ్డాను. ముప్పై మూడేళ్లు అధికారుల వెనక నడిచిన కాళ్లు, పొద్దున్నే నన్ను ఆఫీసుకు తీసుకుపోయాయి.

"అయ్యా," అన్నాను వైకుంఠరావు గారితో, "మూడు దేశాల పద్ధతులు రాసినారు. నాలుగో దేశం మరిచిపోయినట్టుంది."

"ఏ దేశం, ఓబులేసూ?"

"మనదే అయ్యా."

ఆయన రూళ్ల పుస్తకం తిరగేశారు. మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా. స్కాట్లండు ఉంది, అమెరికా ఉంది, జపాను ఉంది. చమటలు పట్టాయి. స్వదేశం మనసు నొప్పించిన అధికారికి ఏ శిక్ష ఉంటుందో ఆయనకు కూడా తెలియదు. విందు విషయంలో ఈ నేల ఆచారం ఏమిటో వెంటనే చెప్పమన్నారు.

నేను చెప్పాను. కాపరి ఇంట విందు తిన్నవాడు ఒక బతికున్న గొర్రెపిల్లను తన సంకలోనే మోసుకుని రావాలి. బంట్రోతు చేత పంపకూడదు. వాకిట్లో మైకు ఉంటుంది. వచ్చినవాడి పేరు, హోదా, ఊరు, పిల్ల రంగు గట్టిగా చదువుతారు. ఒట్టిచేతులతో వచ్చినవాడి పేరు కూడా చదువుతారు, కాకపోతే మూడుసార్లు. పిల్లను మోసుకురావడం అక్షరాలా నిజం. అది దగ్గరి చుట్టాలకే అనే సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మూడుసార్లు చదవడమన్నది నేను కల్పించింది.

మధ్యాహ్నానికల్లా అరవై ఐదో రూలు అచ్చయి మూడువందల పన్నెండుమందికీ చేరింది.

ఆదివారం వచ్చింది. గుడిసె ముందు మైకు కట్టాం. చదివే పని నాది. హాజరు పట్టీ పక్కన పెట్టి, నలభై రెండింటినీ వరసగా నిలబెట్టాం. మాళక్క మూడు కుండల సంగటి కెలికి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి రుబ్బింది. మాంసం సంగతేమిటంటే, వచ్చినోళ్లు వచ్చినాక చూస్తాములే అంది. బీరలింగప్ప కత్తి నూరలేదు.

పదింటికి ఎవరూ రాలేదు. పదకొండింటికి సైకిలు మీద ఒక బంట్రోతు సంచి నిండా ఉత్తరాలు తెచ్చాడు. ఒకాయనకు ఉన్నట్టుండి ఉపవాసం. ఇంకొకాయనకు గొర్రెపిల్ల ముట్టుకుంటే దద్దుర్లు. భోజనాల కమిటీ పెద్దకు ఆ తెల్లవారే శాకాహారం మీద నమ్మకం కుదిరింది. నూట ఎనభైమంది సంస్థకే రాజీనామా చేశారు. నేను ఉత్తరాలన్నీ మైకులో చదివాను. చేతికి దొరికింది చదవడమే కదా తలారి పని.

పన్నెండింటికి మాళక్క కుండల మీద మూతలు సర్దింది. ఒంటిగంటకు బీడు చివర బ్యాటరీ బండి కనబడింది. నాలుగు చక్రాలు, రెండు బూట్లు. మేమంతా లేచి నిలబడ్డాం.

వైకుంఠరావు గారు. రెయిన్ కోటు తొడుక్కున్నారు. కోటులోపల ఏదో కదులుతోంది. వాకిట్లోకి వచ్చి, గుండీ విప్పి, రెండుచేతులా దాన్ని బయటికి తీసి ఫైలు అందించినట్టు మాళక్కకు అందించారు. తెల్లవారుజామునే సంతకు పోయి, బేరమాడడం తెలియక అడిగినంతా ఇచ్చి, తానే ఎంచి తెచ్చానని చెప్పారు. నేను మైకు అందుకుని ఆయన పేరు, హోదా, ఊరు చదివాను. రంగు దగ్గరికి వచ్చేసరికి ఒక క్షణం ఆగాను. మాళక్క నా వైపు చూసింది. నల్లమచ్చల తెలుపు అని చదివేశాను.

ఆయనను పీట మీద కూర్చోబెట్టారు. రూలు ప్రకారం విందు మాంసంతో ఇవ్వాలి. మాళక్క హాజరు పట్టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఎవుర్ని పంపల్లో మీరే చెప్పండి సారూ," అంది.

ఆయన పట్టీ చూశారు. తల ఎత్తి వరసగా నిలబడ్డవాటిని చూశారు. ఒకటో నంబరు, రెండో నంబరు, కుంటి తొమ్మిది, పదిహేడు, దాని పొదుగు కింద పిల్ల. ఆరునెలలు పేరుపేరునా పిలిచిన మనిషి. పట్టీ మెల్లగా మూశారు.

"నేను శాకాహారినమ్మా," అన్నారు.

ఆదివారం ఆదివారం ఆయనకు కోడిని మోసినవాణ్ణి నేను. పుట్టిన తరవాత ఆయన రూలు తప్పడం అదే మొదలు. బీరలింగప్ప లేచి పోయి కర్ర తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాడు. ఆయన రెండు ముద్దల సంగటి తిని, మూడోది అడిగి వేయించుకున్నారు. విందు జరిగినట్టు, సభ్యులను ఆహ్వానించినట్టు, హాజరైన సభ్యులు మాంసం నిరాకరించినట్టు ఫైలు రాసి మూసేశారు. రెండో విందుకు పిలిస్తే మిగిలినవాళ్లు కూడా రాజీనామా చేశారు.

ఇప్పుడు సంస్థలో ఆటగాళ్లెవరూ లేరు, సిబ్బందే ఉన్నారు. గడ్డి ఇంత చక్కగా ఉన్న మైదానం రాష్ట్రంలోనే లేదని పైనుంచి ఒక మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది. ఫైరింజను వారానికి రెండుసార్లు వస్తూనే ఉంది, ఆట ఆగిందని దానికి ఎవరూ చెప్పలేదు. బిందెలవాళ్లం మేమెందుకు చెబుతాం.

వైకుంఠరావు గారు తెచ్చినదానికి ఆ రోజే నలభై మూడో నంబరు వేసి గొర్రెల పట్టీలో ఎక్కించారు. అది మేకపిల్ల. సంతలో ఆయనకు తేడా తెలియలేదు, వాకిట్లో మాకు చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడది పెద్దదయింది. పొద్దున తొమ్మిదింటికి అన్ని గొర్రెలూ వరసగా నిలబడితే అదొక్కటి బ్యాటరీ బండి పైకెక్కి నిలబడుతుంది. ఆయన బదిలీ అయి పోయినా కొత్తాయన పట్టీ తీసి, నలభై మూడు అని పిలుస్తాడు. అది పైనుంచి పలుకుతుంది. ఆయన టిక్కు పెడతాడు.